బ్యాటరీ ముల్లు ఎప్పుడు నిజం చెబుతుంది?



అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో కొందరికి పాత పికప్ ట్రక్కుల మీద మోజు ఎక్కువ. అందులోనూ 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సీ-10 అంటే మరీను. బానెట్ ఎత్తితే ఇంజను పక్కన చేతులు పెట్టుకోవడానికి బోలెడంత చోటుంటుంది. కంప్యూటరు లేదు, సెన్సార్ల గొడవ లేదు. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. పానా, స్క్రూడ్రైవరు పట్టుకోవడం వచ్చినవాడు ఇంటి గ్యారేజీలోనే చాలావరకు బాగుచేసుకోగలడు.

అయితే ఈ బళ్ల దగ్గర తరచూ ఒకటే కథ నడుస్తుంది. రంగు వేయిస్తారు, బంపర్లకు మెరుగు పెట్టిస్తారు, సీటు కొత్తగా కుట్టిస్తారు. తీరా శనివారం పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది. కొత్త బ్యాటరీ వేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి ఆల్టర్నేటరు మారుస్తారు, అదీ రెండింతల పెద్దది. డాష్ మీద బ్యాటరీ ముల్లు మాత్రం తన ఇష్టమొచ్చినట్టు ఊగుతూనే ఉంటుంది. ఎందుకంటే తప్పు బ్యాటరీలోనూ లేదు, ఆల్టర్నేటరులోనూ లేదు. ఆ రెంటినీ కలిపే తీగల్లో ఉంది. ఛార్జింగ్ వ్యవస్థలో ఏ సామాను కొన్నామన్నదానికంటే దాని తీగను ఎక్కడ కలిపామన్నది ముఖ్యం. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ముందు ఈ వ్యవస్థ ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. 1912 మోడల్ క్యాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది గానీ, సెల్ఫ్ వాడుకున్న కరెంటును బ్యాటరీకి తిరిగి నింపాల్సిన పని వచ్చిపడింది. ఆ పని చాలా ఏళ్లు డైనమో చేసింది. మన దేశంలోనూ పాతతరానికి షెవర్లే లారీ పరిచయమే. జనరల్ మోటార్స్ కంపెనీ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో బళ్లు బిగించింది. ఆ కాలపు లారీల మీద పనిచేసిన మెకానిక్కులు కటౌట్ అనే మాట ఎక్కువగా వాడేవారు. ఇంజను ఆగినప్పుడో, మరీ నెమ్మదిగా తిరిగినప్పుడో బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారిపోకుండా ఆ దారిని తెంచే రిలే అది. డైనమోకు పెద్ద లోపం ఒకటుంది. ఇంజను ఐడిల్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగగానే హెడ్‌లైట్లు మసకబారేవి అందుకే.

సిలికాన్ డయోడ్లు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆల్టర్నేటరు రోజులు వచ్చాయి. క్రైస్లర్ కంపెనీ 1960లో వాలియంట్ కారులో దాన్ని పెట్టింది. 1963 నాటికి జనరల్ మోటార్స్ తన బళ్లలో డెల్కోట్రాన్ పేరుతో ఆల్టర్నేటర్లు ఇవ్వసాగింది. డైనమోలో బండికి కావలసిన కరెంటంతా తిరిగే ఆర్మేచర్ నుంచి కార్బన్ బ్రష్‌ల ద్వారానే బయటికి రావాలి. ఆల్టర్నేటరులో తిరిగేది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే రోటరు. దానికి వెళ్లే కరెంటు నాలుగైదు ఆంపియర్లకు మించదు కాబట్టి బ్రష్‌ల మీద భారం తక్కువ. అసలు కరెంటు కదలకుండా ఉండే స్టేటరు చుట్టల్లో పుడుతుంది. మూడు ఫేజుల ఏసీగా పుట్టిన ఆ కరెంటును ఆరు డయోడ్లు డీసీగా మారుస్తాయి. వెనక్కి పారకుండా ఆపేదీ ఆ డయోడ్లే. దాంతో కటౌట్ అవసరం తీరిపోయింది.

ఇక రోటరుకు ఎప్పుడు ఎంత కరెంటు పంపాలో నిర్ణయించేది రెగ్యులేటరు. మనం మాట్లాడుకుంటున్న 67-72 ట్రక్కుల్లో అది ఆల్టర్నేటరుకు దూరంగా, చిన్న డబ్బాలో విడిగా ఉండేది. లోపల అదిరే కాంటాక్టులు ఉండేవి. 1973 మోడల్ ట్రక్కుల నుంచి రెగ్యులేటరు ఆల్టర్నేటరు కడుపులోకే చేరింది. ఆ రకం ఆల్టర్నేటరును 10ఎస్ఐ అంటారు. పాత ట్రక్కుల యజమానుల్లో చాలామంది చేసే మొదటి మార్పు ఈ 10ఎస్ఐని తెచ్చి బిగించుకోవడమే. అది మంచి మార్పే, తీగలు సరిగ్గా కలిపితే.

దానికి మూడు తీగలుంటాయి. వెనక బోల్టుకు బిగించే లావు తీగ తయారైన కరెంటును బయటికి తెచ్చేది. పక్కన ప్లగ్గులో రెండు సన్న తీగలు ఉంటాయి. వాటికి ఒకటి, రెండు అని అంకెలు వేసి ఉంటాయి. ఒకటో నంబరు తీగ తాళం తిప్పగానే రోటరుకు కొద్దిగా కరెంటు ఇచ్చి ఆల్టర్నేటరును నిద్ర లేపుతుంది. రెండో నంబరు తీగ కొలిచే తీగ. బండిలో వోల్టేజి ఎంతుందో రెగ్యులేటరుకు చెప్పేది అదే. ఆల్టర్నేటరు బాడీయే నెగటివ్, అంటే ఎర్త్.

ఒకటో నంబరు తీగ దగ్గర ఒక జాగ్రత్త కావాలి. ఆ దారిలో డాష్ మీది హెచ్చరిక దీపం గానీ, రెసిస్టరు గానీ, డయోడ్ గానీ తప్పకుండా ఉండాలి. నేరుగా ఇగ్నిషన్‌కు కలిపేస్తే, తాళం తీసి జేబులో వేసుకున్నా ఇంజను ఆగదు. ఆల్టర్నేటరు నుంచి కరెంటు ఆ సన్న తీగ గుండా వెనక్కి వచ్చి ఇగ్నిషన్ కాయిల్‌కు అందుతూనే ఉంటుంది. పాత రెగ్యులేటరు తీసేసినవాళ్లు దాని ప్లగ్గులో నీలం తీగను ఎర్ర తీగతో, తెల్ల తీగను గోధుమరంగు తీగతో కలిపితే పాత తీగలకట్ట తెగ్గొట్టకుండానే పని జరిగిపోతుంది. అప్పుడు ఆల్టర్నేటరు కొసన తెల్ల తీగ ఒకటో నంబరుకు, నీలం తీగ రెండో నంబరుకు వెళ్తాయి. పాత బళ్లలో ఎవరెవరో చేతులు పెట్టి ఉంటారు కాబట్టి రంగును నమ్మి ఊరుకోకండి. మీ మోడల్ సంవత్సరపు వైరింగ్ పటం ముందు పెట్టుకుని, మీటరుతో ఒక్కో తీగనూ సరిచూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ రెండో నంబరు తీగను ఎక్కడ కలపాలి? చాలామంది చేసే పని ఏమిటంటే, జానెడు తీగ ముక్క తీసుకుని ఆల్టర్నేటరు వెనక బోల్టుకే కలిపేస్తారు. బండి ఛార్జ్ అవుతుంది. కానీ రెగ్యులేటరుకు తన ఇంటి గుమ్మం దగ్గర ఎంతుందో మాత్రమే తెలుస్తుంది. బ్యాటరీ దగ్గర, ఫ్యూజ్ బాక్సు దగ్గర ఎంత మిగిలిందో తెలియదు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఆ ట్రక్కుల్లో ఛార్జింగ్ తీగ 12 గేజిది, అంటే సుమారు 3.3 చదరపు మిల్లీమీటర్ల రాగి. దాని నిరోధం మీటరుకు దాదాపు 5 మిల్లీ ఓములు. తీగ పొడవు మూడు మీటర్లనుకుందాం. మొత్తం 15 మిల్లీ ఓములు. దాంట్లో 20 ఆంపియర్లు పారితే 0.3 వోల్టు పోతుంది. ఫరవాలేదు. అదే తీగలో 60 ఆంపియర్లు పారితే 0.9 వోల్టు పోతుంది. ఆల్టర్నేటరు దగ్గర 14.2 వోల్టులుంటే అవతలి కొసకు చేరేది 13.3. బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. పైగా ఆ 0.9 వోల్టు ఊరికే పోదు. 60తో గుణిస్తే దాదాపు 54 వాట్ల వేడి. అదంతా తీగలోనూ, తుప్పు పట్టిన అతుకుల దగ్గరా పుడుతుంది. యాభై ఏళ్ల నాటి ప్లాస్టిక్ తొడుగు లోపల.

షెవర్లే ఇంజనీర్లు ఈ విషయం ముందే ఆలోచించారు. బండిలోని తీగలన్నీ ఒకచోట కలిసే పెద్ద జంక్షన్ ఒకటి పెట్టారు. ఆల్టర్నేటరు కరెంటు అక్కడికి వస్తుంది. లైట్లకు, ఇగ్నిషన్‌కు, ఫ్యూజ్ బాక్సుకు అక్కడి నుంచే వెళ్తుంది. బ్యాటరీకి పోయే తీగ అక్కడి నుంచే బయల్దేరుతుంది. కొలిచే తీగను కూడా అక్కడే కలిపారు. జంక్షన్ దగ్గర 14.2 ఉండేలా రెగ్యులేటరు చూసుకుంటుంది. మధ్యలో తీగ ఎంత తిన్నా, ఆ మేరకు ఆల్టర్నేటరు ఎక్కువ వోల్టేజి తయారుచేసి సర్దుతుంది. మార్కెట్లో ఒంటి తీగ ఆల్టర్నేటరు అని ఒకటి అమ్ముతున్నారు. సన్న తీగలు రెండూ ఉండవు కాబట్టి బిగించడం తేలిక. కానీ అది తన బోల్టు దగ్గర ఉన్నదే కొలుచుకుంటుంది. ఇంజను కొంత వేగం అందుకునేదాకా ఛార్జింగ్ మొదలుపెట్టదు. డాష్ మీది హెచ్చరిక దీపమూ పనిచేయదు. ఎప్పుడో ప్రదర్శనకు తీసుకెళ్లే బండికి అది చాలు. రోజూ తిప్పే బండికి మూడు తీగలదే మేలు.

ఇక డాష్ మీది బ్యాటరీ ముల్లు సంగతి. ఈ ట్రక్కుల్లో గేజిల డాష్ కోరినవాళ్లకు వచ్చిన బ్యాటరీ మీటరు నిజానికి ఆమ్మీటరు. ఒక చివర సీ, ఇంకో చివర డీ అని ఉంటుంది. అది జమాఖర్చుల పుస్తకం లాంటిది. ముల్లు సీ వైపుంటే బ్యాటరీకి జమ అవుతోంది, డీ వైపుంటే బ్యాటరీ నుంచి ఖర్చవుతోంది. మధ్యలో ఉంటే రాకపోకలు లేవు. నిల్వ ఎంతుందో మాత్రం అది చెప్పదు.

మామూలుగా ఆమ్మీటరు అంటే కరెంటంతా దానిగుండా పారాలి. ఆ కాలపు క్రైస్లర్, డాడ్జ్ బళ్లలో అలాగే ఉండేది. బ్యాటరీకి పోయే కరెంటు ఇంజను గది గోడలోని కనెక్టరు దాటి డాష్‌లోకి వచ్చి, మీటరు గుండా పోయి, మళ్లీ అదే గోడ దాటి వెనక్కి వెళ్లేది. ఏళ్లు గడిచాక ఆ కనెక్టరు పిన్నులు తుప్పుపట్టి వేడెక్కి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగిన బళ్లు ఎన్నో. డాడ్జ్ బళ్లు బాగుచేసేవాళ్లు ఇప్పటికీ ముందుగా విప్పి చూసేది ఆ కనెక్టరునే.

షెవర్లే వాళ్లు ఈ తంటా లేకుండా ఒక చక్కటి ఉపాయం చేశారు. జంక్షన్ నుంచి బ్యాటరీకి పోయే 12 గేజి తీగ ఉంది కదా, దాని నిరోధాన్నే కొలతకు వాడుకున్నారు. ఆ తీగ ఒక్క మీటరులో 30 ఆంపియర్లు పారితే రెండు కొసల మధ్య 150 మిల్లీ వోల్టుల తేడా వస్తుంది. ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి రెండు సన్న తీగలు తీసి, వాటి దారిలో చిన్న ఫ్యూజులు పెట్టి డాష్‌లోని మీటరుకు ఇచ్చారు. పేరుకు ఆమ్మీటరే గానీ అది కొలిచేది ఆ మిల్లీ వోల్టులను. మీటరు కోసం డాష్‌లోకి పెద్ద కరెంటు రానే రాదు. అందుకే ముల్లు కదలికలు సన్నగా ఉంటాయి. అసలు కదలకపోతే ముందు చూడాల్సింది ఆ రెండు చిన్న ఫ్యూజులనే.

అయితే ఈ ఏర్పాటు ఒక షరతు మీద నడుస్తుంది. ఆల్టర్నేటరు, బండిలోని వాడకాలన్నీ జంక్షన్ వైపున ఉండాలి. బ్యాటరీ ఒక్కటే ఆ తీగకు అవతల ఉండాలి. ఈ షరతు తప్పితే ముల్లు అబద్ధం చెబుతుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడు తన 71 మోడల్ ట్రక్కుకు వంద ఆంపియర్ల ఆల్టర్నేటరు పెట్టించాడు. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు.

"అన్నా, కొత్త ఆల్టర్నేటరు కూడా పనికిరానిదే ఇచ్చినట్టున్నారు. లైట్లు వేస్తే చాలు, ముల్లు డీ వైపు పడిపోతోంది" అన్నాడు.

"బ్యాటరీ మీద మీటరు పెట్టి చూశావా?" అని అడిగాను.

"ఎందుకన్నా, ముల్లు చెబుతూనే ఉందిగా!"

వెళ్లి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మీద మల్టీమీటరు పెడితే 14.3 వోల్టులున్నాయి. బ్యాటరీ నిక్షేపంగా నిండుతోంది. డాష్ మీద ముల్లు మాత్రం ఖర్చు చూపిస్తోంది. బానెట్ కింద చూస్తే సంగతి తేలిపోయింది. బిగించినవాళ్లు పాత తీగను పక్కనపెట్టి, ఆల్టర్నేటరు నుంచి నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కు బొటనవేలంత లావు తీగ లాగేశారు. ఇప్పుడు కరెంటు పుట్టేది బ్యాటరీ కొసన. లైట్లు, హీటరు ఉన్నది జంక్షన్ కొసన. వాటికి కావలసిన కరెంటంతా ఆ 12 గేజి తీగ గుండా అటునుంచి ఇటు వస్తోంది. పాపం మీటరుకు తెలిసింది ఒకటే: బ్యాటరీ వైపు నుంచి కరెంటు బయటికి పోతోంది, కాబట్టి డీ. ఆల్టర్నేటరు తీగను జంక్షన్‌కు మార్చి, అక్కడి నుంచి బ్యాటరీకి కూడా తగిన లావు తీగ వేశాక అతని మీటరు దారికొచ్చింది. తీగ లావైంది కాబట్టి ముల్లు మునుపటికంటే తక్కువ ఊగుతుంది, అంతే.

దీనికి తలకిందులైన సందర్భం కూడా ఉంది. రేడియేటరుకు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి, దాని తీగను సులువు కదా అని బ్యాటరీ పోస్టుకే బిగిస్తారు. ఫ్యాను పాతిక ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు ఆల్టర్నేటరు దగ్గర పుట్టి, జంక్షన్ దాటి, ఆ 12 గేజి తీగ గుండా బ్యాటరీ కొసకు వెళ్లి, అక్కడి నుంచి ఫ్యానుకు పోతుంది. ముల్లు సీ వైపు నిలబడుతుంది. యజమాని బ్యాటరీ భేషుగ్గా ఛార్జ్ అవుతోందని మురిసిపోతాడు. బ్యాటరీకి దక్కింది మాత్రం ఏమీ ఉండదు. మొదటిది ఉత్తుత్తి భయం. రెండోది ఉత్తుత్తి ధైర్యం. రెండోదే ప్రమాదం.

అందుకే బండిలో ఫ్యానులు, ఏసీ, ఆంప్లిఫయర్లు చేరినవాళ్లకు వోల్ట్‌మీటరు మేలని నా అభిప్రాయం. పాత గేజి లాగే కనబడే వోల్ట్‌మీటర్లు దొరుకుతాయి. దాని అంకెలు చదవడం తేలిక. ఇంజను ఆపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచాక 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగం. 12 దగ్గరికి వస్తే పావుకు పడిపోయినట్టు. ఇంజను నడుస్తుండగా 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. చలిలో కాస్త ఎక్కువ, మండుటెండలో కాస్త తక్కువ ఉండటం సహజం. ఇంజను నడుస్తున్నా 12.5 దగ్గరే ఆగితే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటరు గానీ, కొలిచే తీగ గానీ చెడింది. బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయి.

వోల్ట్‌మీటరుకు కూడా తీగ ఎక్కడ కలిపారన్నదే ప్రాణం. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే చోటు నుంచి, చిన్న ఫ్యూజు పెట్టి, విడిగా ఒక తీగ లాగండి. హీటరు ఫ్యాను తీగకో, వైపరు తీగకో తగిలించకండి. అలా చేస్తే ఫ్యాను వేసినప్పుడల్లా ముల్లు అర వోల్టు పడుతుంది. బ్యాటరీకి ఏదో అయిందని మీరు కంగారుపడతారు. నెగటివ్ తీగను డాష్ వెనక ఏదో ఒక స్క్రూకు కాకుండా, శుభ్రంగా గీకిన లోహానికి బిగించండి.

ఈ ఎర్త్ సంగతి కొంచెం నొక్కి చెప్పాలి. కొత్తగా రంగు వేసిన బళ్లలోనే ఈ జబ్బు ఎక్కువ. ఛాసిస్‌కు, బ్రాకెట్లకు దట్టంగా పెయింట్ వేస్తారు. పెయింట్ కరెంటును పోనివ్వదు. పాత రోజుల్లో తుప్పుతోనైనా లోహానికి లోహం తగిలేది. ఇప్పుడు మెరుపుకు మెరుపు తగులుతోంది. ఇంజనుకూ బ్యాటరీ నెగటివ్‌కూ ఒక లావు తీగ, ఇంజనుకూ ఛాసిస్‌కూ ఒక పట్టీ, ఇంజనుకూ క్యాబిన్‌కూ ఒక పట్టీ ఉండాలి. ప్రతి బోల్టు కింద పెయింట్ గీకి, బిగించాక పైన గ్రీజు రాయండి. హెడ్‌లైట్లు వేయగానే పెట్రోలు ముల్లు, వేడి ముల్లు కూడా కదిలాయంటే, అది ఎర్త్ అడుగుతున్న బండి అని గుర్తుపట్టండి.

పని మొదలుపెట్టేముందు కాగితం మీద వాడకం లెక్క రాసుకోండి. హెడ్‌లైట్లు రెండూ కలిపి 8 నుంచి 10 ఆంపియర్లు, వెనక దీపాలూ డాష్ దీపాలూ 4, ఇగ్నిషన్ 4, హీటరు ఫ్యాను 6 నుంచి 8, వైపర్లు 3 లేదా 4. అన్నీ వేసినా 30 దాటదు. అందుకే ఆ రోజుల్లో 37 ఆంపియర్ల ఆల్టర్నేటరు సరిపోయింది. మీ బండి ఇంకా అలాగే ఉంటే 63 ఆంపియర్ల 10ఎస్ఐ బోలెడు. వంద ఆంపియర్లది ఎందుకు? పూర్తి భారం పడితే దాన్ని తిప్పడానికి మూడు హార్స్‌పవర్ దాకా కావాలి. ఒంటి బెల్టు జారి కీచుమంటుంది.

ఏసీ, ఫ్యాను పెట్టారు కాబట్టి పెద్దదే కావాలంటారా? అయితే ముందు తీగ మార్చండి. 12 గేజి బదులు అంతకంటే లావైన 8 గేజి వేస్తే, ఇందాకటి లెక్కలో 0.9 వోల్టు పోయేచోట 0.4 లోపే పోతుంది. ఆ తీగ మొదట్లో ఫ్యూజిబుల్ లింక్ తప్పనిసరి. ఎక్కడైనా షార్ట్ అయితే తీగకంటే ముందు తను కాలిపోయి బండిని కాపాడే ముక్క అది. తను రక్షించే తీగకంటే నాలుగు గేజి అంకెలు సన్నదై ఉండాలి. అంటే 12 గేజి తీగకు 16 గేజి లింకు, 8 గేజి తీగకు 12 గేజి లింకు. మామూలు తీగ ముక్కను అక్కడ వేయకూడదు. అసలు లింకుకు మంటలంటుకోని తొడుగు ఉంటుంది. మామూలు తీగ కాలితే దాని మంట పక్క తీగలకూ పాకుతుంది.

టెర్మినళ్లు మంచి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయండి. ప్లయర్‌తో నొక్కి టేపు చుట్టిన అతుకు ఇంజను వేడికి రెండు వేసవులు కూడా నిలవదు. తీగలను ఎగ్జాస్ట్ గొట్టాలకు దూరంగా నడిపించండి. రేకు గుండా పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ వేయండి.

ఇవన్నీ చేయడానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయాలి. అన్నీ అయ్యాక చివరగా బిగించేది కూడా అదే. ఆల్టర్నేటరు వెనక బోల్టులో తాళం తీసినా కరెంటు ఉంటుంది. పానా అటు బోల్టుకూ ఇటు ఇంజనుకూ తగిలిందంటే నిప్పులు కురుస్తాయి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి.

ఇంకో మాట. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజను ఆగకపోతే ఆల్టర్నేటరు మంచిదే అని తేల్చే అలవాటు కొందరు పాత మెకానిక్కులకు ఉంది. డైనమో కాలంలో అది చెల్లింది. ఆల్టర్నేటరుతో ఆ పని చేయకండి. బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజి ఎగిసిపడి డయోడ్లు, రెగ్యులేటరు, రేడియో అన్నీ పోవచ్చు.

సరైన పరీక్ష దీనికంటే తేలిక. ఇంజనును నిమిషానికి 1,500 చుట్ల వేగం మీద ఉంచి, హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను వేయండి. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ ఆల్టర్నేటరు వెనక బోల్టుకు, రెండోది బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు తాకించండి. కనబడే అంకె మధ్య తీగలు తింటున్న వోల్టేజి. 0.3 లోపు ఉంటే మంచిది. అర వోల్టు దాటితే తీగో, అతుకో చెడినట్టు. తర్వాత ఒక ప్రోబ్ ఆల్టర్నేటరు బాడీకి, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టుకు తాకించండి. ఇక్కడ 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ బాగుచేయాలి. ఐదు నిమిషాల పని.

బండి వారాల తరబడి షెడ్డులోనే ఉండే రకమైతే ఇంకో కొలత కూడా తీసుకోండి. అన్నీ ఆపి, నెగటివ్ తీగ విప్పి, దానికీ పోస్టుకూ మధ్య మల్టీమీటరును ఆంపియర్ల మీద పెట్టండి. రేడియో, గడియారం లేని పాత ట్రక్కులో దాదాపు సున్నా రావాలి. 50 మిల్లీ ఆంపియర్లు కారుతున్నా నెలకు 36 ఆంపియర్ గంటలు పోతాయి. అంటే మామూలు బ్యాటరీలో సగానికి పైనే. ఆల్టర్నేటరులో ఒక్క డయోడ్ కారినా ఇలాగే జరుగుతుంది. ఆల్టర్నేటరు లావు తీగ విప్పగానే అంకె సున్నాకు పడితే దొంగ అక్కడే ఉన్నాడు.

శ్రోతలారా, పాత బండి మీద ప్రేమ ఉన్నవారికి నా విన్నపం ఇది. కొత్త ఆల్టర్నేటరుకు వందల డాలర్లు పెట్టేముందు ఇరవై డాలర్ల మల్టీమీటరు కొనండి. ఇప్పుడు చెప్పిన రెండు వోల్టేజి కొలతలూ తీసి కాగితం మీద రాసుకోండి. ముందు ఎర్త్, తర్వాత తీగ, ఆపైన ఆల్టర్నేటరు, చివర మీటరు. ఈ వరసలో పని చేస్తే చాలాసార్లు మూడో మెట్టు దాకా వెళ్లే అవసరమే రాదు.